కొండ కనిపించే ఇంటికి ఏ స్టైల్?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది తిరుపతి. పదహారేళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి ఇప్పటికి సొంతంగా ఫ్లాట్ తీసుకున్నాం. నాలుగో అంతస్తు, రెండు పడగ్గదులు, 1,180 చదరపు అడుగులు. హాలు పక్క బాల్కనీలోంచి కొండ నిండుగా కనిపిస్తుంది. ఇంటీరియర్ చేసే అబ్బాయి వచ్చీ రాగానే “మీ స్టైల్ ఏంటి మేడమ్? మోడర్నా, స్కాండినేవియనా, బోహోనా, ట్రెడిషనలా?” అన్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. ఫోన్లో మూడొందల యాభై ఫోటోలు దాచుకున్నాను. రోజుకొకటి నచ్చుతుంది. మావారికి ఇల్లంతా తెల్లగా, హోటల్ గదిలా ఉండాలి. అత్తమ్మ ఊళ్ళో ఉన్న పట్టె మంచం, ఇత్తడి బోకులు తెస్తానంటుంది. నాకేమో పుత్తూరు దగ్గర మా అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తూ ఉంటుంది. ఎర్ర గచ్చు, ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి నేల మీద పడుకుంటే వీపుకి చల్లగా తగిలేది. అది వేరే సంగతి లెండి. ఆ అబ్బాయి ఇచ్చిన ఎస్టిమేట్ తొమ్మిది లక్షలు. గోడకి కలంకారీ వాల్‌పేపర్, హాల్లో ఫాల్స్ సీలింగ్, కిచెన్లో తలుపుల్లేని అరలు, అన్నీ కలిపి. అంత పోసి చేయించాక నచ్చకపోతే? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అసలు నాకు టేస్టే లేదేమో అనిపిస్తోంది. మన స్టైల్ ఏదో మనకెలా తెలుస్తుంది?
— ఒక టీచరమ్మ, తిరుపతి

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చులో కుదించి వేశాం గానీ, నేను మొత్తం రెండుసార్లు చదివాను. అందులో డిజైనర్ గురించి, ఎస్టిమేట్ గురించి రాసింది ఒక పేజీ. అమ్మమ్మ ఇంటి గురించి రాసింది పేజీన్నర. దాని చివర “అది వేరే సంగతి లెండి” అని కొట్టిపారేశారు. అదే అసలు సంగతి అని నా ఉద్దేశం.

టేస్ట్ లేనివాళ్ళకి ముప్ఫై ఏళ్ళ కిందటి గోడ గూడు ఎంత లోతుందో, అందులో అమ్మమ్మ వక్కాకు డబ్బా ఏ పక్కన ఉండేదో గుర్తుండదు. మీకు గుర్తుంది. మీకు లేనిది టేస్ట్ కాదు, దానికో పేరు. ఆ పేరు లేకపోతే కొంపేం మునగదు. జాకెట్ కుట్టే ఆవిడ ముందు టేపు తీసి కొలతలు రాసుకుంటుంది, ఆ తర్వాత కదా మెడ ఎంత దింపాలని అడుగుతుంది. మీ డిజైనర్ టేపు తీయకుండానే మెడ అడిగాడు. మీరు తెల్లమొహం వేయక ఏం చేస్తారు?

ఇంతకీ ఆ పేర్లు ఎక్కడివో కాస్త చూద్దాం. స్కాండినేవియన్ అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్ వైపు ఇళ్ళ పద్ధతి. అక్కడ చలికాలంలో పగలు కొద్ది గంటలే. దొరికిన ఆ కాస్త వెలుతురునీ ఇల్లంతా పాకించుకోవడానికి గోడలకి తెలుపు, కింద లేతరంగు చెక్క. వాళ్ళ అవసరం అది. మనకి మార్చి దాటిందంటే వెలుతురుని ఎలా ఆపాలా అన్నదే గొడవ. మీ అమ్మమ్మ ఇంట్లో కిటికీలు చిన్నవి, గోడలు మందం, లోపల కాస్త చీకటి. అది చేతగాక కట్టింది కాదు. తీరిక దొరికితే మే నెలలో ఒక మధ్యాహ్నం చంద్రగిరి కోటకెళ్ళి, ఎండలోంచి రాజమహల్ లోపలికి అడుగు పెట్టి చూడండి. మందం గోడలూ సున్నమూ ఏం చేస్తాయో ఒంటికే తెలుస్తుంది.

అలాగని మీ ఫ్లాట్‌ని అమ్మమ్మ ఇల్లు చేసేయమని నేను చెప్పడం లేదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. హాల్లో ఎద్దుల బండి చక్రం, పైకప్పుకి ఉత్తుత్తి దూలాలు, మూలకో లాంతరు, అందులో కరెంటు బల్బు. హైవే పక్క హోటళ్ళు అలా ఉంటాయి. గంటసేపు తిని వచ్చేయడానికి బాగుంటాయి. అందులో కాపురం చేస్తే నెలకల్లా విసుగొస్తుంది. పైగా ఆ చక్రం మీద దుమ్ము తుడిచేది మీరే.

అమ్మమ్మ ఇంట్లో మీకు నచ్చిందేమిటో విడివిడిగా తీసి చూడండి. నేను మీ పేజీన్నర ముందు పెట్టుకుని అదే చేశాను. నేల చల్లదనం. కింద కూర్చుని వీపు ఆనించుకునే చోటు. తిన్నె మీద కూర్చుంటే వీధి కనబడడం. గోడలో గూడు, అందులో చేతికందే నాలుగే నాలుగు వస్తువులు. లోపల నీడ, బయట వాకిట్లో వెలుగు. ఇందులో అంగట్లో కొనుక్కొచ్చేది ఒక్కటైనా ఉందా? మీరు ఉత్తరంతో పాటు పంపిన ఆరు ఫోటోలు కూడా చూశాను. ఒకటి తెల్లగా ఉంది, ఒకటి ఇటుకల గోడ, ఒకటి జపాన్ ఇల్లులా ఉంది. చూడ్డానికి ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ ఐదింట్లో కిటికీ పక్కన నేలకి దగ్గరగా కూర్చునే చోటు ఉంది. ఒక్కదాంట్లోనూ టీవీ లేదు. రోజుకొకటి నచ్చుతోంది అనుకుంటున్నారు గానీ, మీకు నచ్చుతున్నది ఒకటే, బట్టలు మార్చుకుని వస్తోంది.

మిగతా ఫోటోలతోనూ ఇదే పని చేయండి. మూడొందల యాభైలోంచి పన్నెండు మాత్రం ఉంచి మిగిలినవి తీసేయండి. ఆ పన్నెండింట్లో రంగులు చూడకండి. నేల ఎలా ఉంది, వెలుతురు ఏ వైపునుంచి వస్తోంది, మనిషి ఎంత ఎత్తులో కూర్చుంటాడు, ఏమేం లేవు, ఇవి రాసుకోండి. ఒక్కో ఫోటో దగ్గర ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇందులో మా అత్తమ్మ ఎక్కడ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది? చోటు దొరకని ఫోటోలు వాటంతటవే పోతాయి.

ఇప్పుడు మీవారి తెలుపు సంగతి. నాకొచ్చే ఉత్తరాల్లో ఇది చాలా మామూలు. హోటల్ గదిలా ఉండాలి అనే మగవాళ్ళకి నిజంగా కావాల్సింది తెలుపు కాదు, సామాను కంటికి కనబడకపోవడం. హోటల్ గదిలో ఫ్రిజ్ మీద మందుల డబ్బా ఉండదు, కుర్చీ మీద మడతపెట్టని బట్టలుండవు, తలుపు వెనక గొడుగు వేలాడదు. మీవారిని అడిగి చూడండి. అదే అయితే ఆయనకి ఇవ్వాల్సింది తలుపులున్న అల్మారాలు, పైదాకా. గోడలకి తెల్ల పెయింట్ కూడా వేయించుకోండి, తప్పేం లేదు. కాకపోతే మెరిసే తెలుపు వద్దు. నిగనిగలాడే తెల్ల లామినేట్ మీద పడమటి ఎండ పడితే సాయంత్రం నాలుగింటికి కళ్ళు చికిలించుకుని తిరగాలి. కాస్త పాలమీగడ ఛాయలో, మెరుపు లేని రకం తీసుకోండి.

రంగు డబ్బా మీద చూసి ఖాయం చేయకండి. చిన్న డబ్బాలు రెండు మూడు తెప్పించి గోడ మీద రెండడుగుల చదరాలు వేయించండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి లైటు వేశాక చూడండి. రాత్రి చూసేటప్పుడు బల్బు పెట్టె మీద K అక్షరం పక్కనున్న అంకె కూడా చూడండి. 6500 అని ఉంటే నీలం పట్టిన తెలుపు, మందుల షాపులో ఉండేలాంటిది. 3000 అని ఉంటే పసుపు వెచ్చన. అదే గోడ రెండింట్లో రెండు రంగుల్లో కనిపిస్తుంది. వంటింట్లో కూర తరిగే చోట 4000 పెట్టుకోండి, హాల్లో 3000 చాలు. లక్షలు పోసి చేయించిన ఇంట్లో అన్ని గదులకీ 6500 ట్యూబులైట్లు పెట్టి, ఇల్లు ఎందుకో ఆస్పత్రిలా ఉంది అని దిగాలు పడేవాళ్ళని చూశాను.

తిరుపతి ఇంటికి ఏ పుస్తకంలోనూ లేని ఒక లెక్క ఉంది. దానిమీద మీ డిజైనర్ ఒక్క మాటా అడగలేదంటే, అతను ఈ ఊరివాడు కాడనైనా అనుకోవాలి, ఇంట్లో పని ముట్టుకోని వాడనైనా అనుకోవాలి. చుట్టాలు! మిగతా ఊళ్ళలో చుట్టాలు పండక్కి వస్తారు. మీకు దర్శనం టికెట్ దొరికినప్పుడల్లా వస్తారు. రాత్రి పదకొండింటికి దిగి, మూడింటికి లేచి స్నానాలు చేసి కొండకి పోయే బ్యాచ్ ఒకటి. గుండ్లకి గంధం పూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడి నిద్రపోయే బ్యాచ్ ఇంకొకటి. ఆరు బ్యాగులు, ఎనిమిది జతల చెప్పులు, తడి తువ్వాళ్ళు, అన్ని ప్లగ్గులకీ ఫోన్లు, టేబుల్ మీద లడ్డూ కవర్లు, వాటికి పట్టిన చీమలు. బ్రహ్మోత్సవాలకీ వైకుంఠ ఏకాదశికీ వేసవి సెలవులకీ ఇది ఎంత ఉంటుందో నేను మీకు చెప్పాలా? పదహారేళ్ళుగా అద్దె ఇళ్ళలో మీరు చేస్తున్నదే.

కాబట్టి డిజైనర్ వేసిన సోఫా బొమ్మని పక్కన పెట్టి, పోయిన ఏడాది మీ ఇంట్లో ఒకే రాత్రి ఎక్కువలో ఎక్కువ ఎంతమంది పడుకున్నారో ఆ అంకె చెప్పండి అతనికి. పది అనుకుందాం. పది మందికి పరుపులు, దుప్పట్లు ఎక్కడ పెడతారు? హాలు మధ్యలో కదలని గాజు బల్ల ఉంటే వాళ్ళు ఎక్కడ పడుకుంటారు? తలుపు దగ్గర చెప్పులకీ బ్యాగులకీ ఒక పొడుగాటి బెంచీ, కింద అరతో. బాత్రూమ్ బయట ఇంకో అద్దం, నాలుగు గట్టి కొక్కేలు. హాల్లో కదిలించగల సామాను. మీకు నేల మీద కూర్చోవడం ఎటూ ఇష్టం. చుట్టాలకి కావాల్సింది కూడా ఖాళీ నేలే. ఇన్నాళ్ళూ ఇబ్బంది అనుకున్నదీ మీ ఇష్టమూ ఒకే వైపు లాగుతున్నాయి చూడండి, ఇంత అదృష్టం అందరికీ పట్టదు.

బిల్డర్ వేసిన క్రీమ్ కలర్ టైల్స్ మీకు నచ్చలేదని రాశారు. పగలగొట్టకండి, ఉన్నవాటి మీద ఒక పెద్ద ఈత చాపో తుంగ చాపో పరిస్తే హాలు సగం మారిపోతుంది. ఎర్ర గచ్చు మీద అంత ప్రేమ ఉంటే బాల్కనీ ఒక్కదానికి చేయించుకోండి. కానీ ఆ పని తెలిసిన మేస్త్రీ దొరికితేనే. తెలియని చేతిలో పడితే ఆర్నెల్లలో సన్న బీటలు వస్తాయి. దొరక్కపోతే మెరుపు లేని ఎర్రమట్టి రంగు టైల్స్ వేసుకుని ఊరుకోండి.

తలుపుల్లేని వంటింటి అరల మాటకొస్తే ఇది నా సొంత గోడు. పన్నెండేళ్ళ కిందట మా ఇంట్లో నేనూ ఫోటో చూసి మోజుపడి పెట్టించాను. కొలతలు రాసుకుంటూ ఆచారి “వీటికి తలుపులొద్దామ్మా?” అని రెండుసార్లు అడిగాడు. నేను పెద్ద తెలిసినదానిలా నవ్వాను. నెల తిరక్కుండా పై అరలో గాజు సీసాలు తీస్తే వేళ్ళకి జిగట. రోజుకి మూడు పూటలా తిరగవాత వేసే ఇల్లు కదా మాది, ఆ నూనె ఆవిరి పైకెక్కి, దాని మీద దుమ్ము పట్టి, ఒక పొరలా తయారైంది. గోరుతో గీస్తే గీత పడేది. మూడో నెలలో న్యూస్‌పేపర్లు అడ్డం కట్టాను. ఆర్నెల్లకి అదే ఆచారిని పిలిచి తలుపులు పెట్టించుకున్నాను. ఆ మహానుభావుడు ఒక్క మాటా అనలేదు. రెండో కూలీ మాత్రం తీసుకున్నాడు.

వంటింటి గట్టు ఎత్తు కూడా అడగకుండానే 36 అంగుళాలు వేసేస్తారు. మీ ఇంట్లో రాగి సంగటి చేస్తారా? కింద దించి గెలుకుతారా, పొయ్యి మీదేనా? పొయ్యి మీదే అయితే గట్టు, దాని పైన స్టవ్, దాని పైన గిన్నె, అందులో కట్టె. చేతులు భుజాల దాకా లేస్తే బలం ఎక్కడినుంచి వస్తుంది? చేతులు మడిచి నిలబడి మోచేతి ఎత్తు కొలవండి, దానికి నాలుగైదు అంగుళాల కిందకి గట్టు ఉంటే తరగడానికి హాయి. స్టవ్ పెట్టే చోటు ఇంకో రెండు మూడు అంగుళాలు దించమనండి. కింద దించి గెలికే అలవాటైతే ఆ కాస్త నేల ఖాళీగా వదలమనండి. సింకు కింద పెట్టెకి మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, నీళ్ళు తట్టుకునే రకం అది. మామూలు పార్టికల్ బోర్డు పెడితే పైపు ఒక్కసారి కారిందంటే నానిన బిస్కెట్‌లా ఉబ్బుతుంది.

కలంకారీ వాల్‌పేపర్ అన్నచోట నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. శ్రీకాళహస్తి మీకు నలభై కిలోమీటర్లు లేదు. ఒక ఆదివారం వెళ్ళి, వేసేవాళ్ళ పక్కన అరగంట కూర్చోండి. గుడ్డని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఉంటారు. పాలలో కొవ్వు ఉండడం వల్ల రంగు పాకిపోదు. చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో పైపైన బొమ్మ గీసుకుంటారు. వెదురు పుల్లకి గుడ్డపీలికలు చుట్టి దారంతో కట్టిన కలం చేత్తో పట్టుకుని, వేళ్ళతో ఆ చుట్ట నొక్కుతూ గీత లాగుతారు. నల్ల రంగు ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టింది. గుడ్డ మీది కరక్కాయకి అది తగలగానే గీత నల్లగా తిరుగుతుంది. ఏ గీతా ఇంకో గీతలా ఉండదు. ఈ పని చేసిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అది పక్కూళ్ళో పెట్టుకుని మిషన్లో అచ్చేసిన కాగితం గోడంతా అంటించుకోవడం, చెట్టుకింద మామిడిపళ్ళు రాలుతుంటే అంగట్లో మ్యాంగో జ్యూస్ ప్యాకెట్ కొన్నట్టుంది. గోడంతా అక్కర్లేదు. మూడడుగుల గుడ్డ ఒకటి, నిజమైనది, ఫ్రేము కట్టించుకోండి.

ఎక్కడ పెట్టాలంటే, ఎండ సూటిగా పడని గోడకి. చెట్ల నుంచి తీసిన రంగులు ఎండకి వెలుస్తాయి. కొండ మీకు ఉత్తరాన, అంటే మీ బాల్కనీ ఉత్తరం వైపు. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఎండ పడకుండా వెలుతురు మాత్రం నిలకడగా వస్తుంది, ఇంతకన్నా మంచి దిక్కు లేదు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా సూర్యుడు మనకి నడినెత్తిన కాస్త ఉత్తరంగా పోతాడు కాబట్టి ఆ నెలల్లో పొద్దునా సాయంత్రం ఏటవాలుగా కొంచెం పడుతుంది. ఒక వెదురు తెర చాలు.

బాల్కనీ దాకా వచ్చాం కాబట్టి అడుగుతున్నాను, మీ డిజైనర్ వేసిన ప్లాన్‌లో హాలు కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పి, కొండకి వీపు పెట్టి ఉన్నాయి. మీరు గమనించారా? పేజీన్నర తిన్నె గురించి రాసిన మనిషి, రాత్రి ఘాట్ రోడ్డు దీపాలు వరసగా కనిపించే ఇంట్లో, వాటికి వీపు పెట్టి కూర్చుంటుందా? టీవీని పక్క గోడకి జరపండి. బాల్కనీ తలుపు పక్కన, పదహారు అంగుళాల ఎత్తులో ఒక పొడవాటి తిన్నెలాంటి బల్ల, వెనక వీపు ఆనడానికి దిండ్లు. పక్క గోడలో, ఆచారి చెక్కతోనే, అడుగు లోతు గూడు ఒకటి. మీ హాలుకి ఇంటీరియర్ అంటే దాదాపు ఇంతే.

ఫాల్స్ సీలింగ్ వద్దు. కనీసం ఈ ఏడాది వద్దు. ఉన్న ఎత్తులోంచి అరడుగు పైగా తినేస్తుంది, ఫ్యాన్ కిందకి దిగుతుంది. వంటిల్లు, అల్మారాలు, కరెంటు పాయింట్లు, ఇవి చేయించుకుని ఇంట్లో దిగండి. మిగతా డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. ఒక ఎండాకాలం, ఒక నవంబరు వాన చూడండి. 2021 నవంబరులో మన ఊళ్ళో పడ్డ వాన మర్చిపోయి ఉండరు. ఏ గోడ చెమ్మ పీలుస్తుందో, ఏ కిటికీ సందులోంచి జల్లు కొడుతుందో ఇల్లే చెబుతుంది. ఆ గోడకి ముందే ప్యానెల్ కొట్టించుకున్నవాళ్ళకి వెనక బూజు కనబడేసరికి ఆలస్యమవుతుంది.

డిజైనర్ మళ్ళీ స్టైల్ అడిగితే ఇలా చెప్పండి: “మేం కింద కూర్చుంటాం. మాకు కొండ కనబడాలి. సామాను కనబడకూడదు. పది మంది పడుకోవాలి. ఏదీ తళతళలాడకూడదు.” దానికి ఏ పేరు పెట్టుకుంటాడో అతనిష్టం.

చివరగా అత్తగారి మంచం. తెప్పించండి. ఇత్తడి బోకుల్లో రెండు పెద్దవి ఉంచుకోండి, ఒకదాంట్లో బియ్యం పోసుకోండి, మిగతావి అటక మీదకి. ఆమెనే ఎంచమనండి, మీరు ఎంచితే గొడవ. మంచం మాత్రం పడగ్గదిలో దాచకండి. బాల్కనీ తలుపు పక్కన నేను చెప్పిన బల్ల చేయించే బదులు ఆ మంచమే అక్కడ వేసుకోవచ్చు. పగలు ఆమె నడుం వాలుస్తుంది, సాయంత్రం మీరు కింద కూర్చుని దాని పట్టెకి ఆనుకుంటారు, రాత్రి చుట్టాల్లో పెద్దవాళ్ళు ఎవరో పడుకుంటారు. ముందు దాని ఎత్తు కొలవమనండి. పాత మంచాలు ఎత్తుగా ఉంటాయి, మరీ ఎక్కువైతే మంచం కోళ్ళు, అంటే కాళ్ళు, కింద కాస్త కోయించాల్సి వస్తుంది, దానికి ఆమె ఒప్పుకోవాలి. నాలుగో అంతస్తు అంటున్నారు, లిఫ్టులో నిలువునా పట్టదు. ఊళ్ళోనే ఆచారి చేత విప్పించి తీసుకురండి. విప్పేటప్పుడు ప్రతి కోడు మీదా, అది దిగే పట్టె మీదా సుద్దముక్కతో ఒకే అంకె వేయించండి. లేకపోతే ఇక్కడ బిగించే రోజు ఏ కోడు ఏ మూలదో తెలియక ఒక పూటంతా పోతుంది.